కర్నూలు, కడప వైద్య విద్యార్థుల ఆన్‌లైన్ చదువు (2020–2022)

కోవిడ్-19 మహమ్మారి కాలంలో ఆంధ్రప్రదేశ్‌లోని రాయలసీమ ప్రాంతానికి చెందిన వైద్య విద్యార్థులు కళాశాలకు, ఆసుపత్రికి దూరంగా ఇంటి వద్ద నుండి సెల్‌ఫోను, కంప్యూటరు ద్వారా పాఠాలు విన్న విధానమే ఈ వ్యాసంలోని విషయం. 2020 మార్చిలో మొదలైన ఈ పద్ధతి మధ్య మధ్య విరామాలతో 2022 తొలి నెలల వరకు సాగినది. కర్నూలు, కడప పట్టణాలలోని ప్రభుత్వ వైద్య కళాశాలలు, ఆ చుట్టుపక్కల గల ప్రైవేటు వైద్య కళాశాలలు దీని పరిధిలోకి వస్తాయి. ఇతర చదువులతో పోల్చినప్పుడు వైద్య విద్యకు ఒక ప్రత్యేకత కలదు. ఇందులో సగం చదువు పుస్తకంలో ఉంటే మిగిలిన సగం రోగి మంచం పక్కన ఉంటుంది. ఆ రెండవ సగం తెర మీదికి ఎంతవరకు వచ్చినది, ఎక్కడ ఆగిపోయినది అన్నదే ఈ కాలపు అసలు ప్రశ్న.

నేపథ్యం

కర్నూలు వైద్య కళాశాల 1956లో ప్రారంభమైనది. ఆంధ్ర రాష్ట్ర రాజధానిగా మూడేళ్ళు ఉన్న కర్నూలు ఆ హోదాను కోల్పోయినది కూడా ఆ సంవత్సరమే. కళాశాలకు అనుబంధంగా ఉన్న ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి కర్నూలు, నంద్యాల, కడప, అనంతపురం ప్రాంతాల నుండే గాక తెలంగాణలోని పాలమూరు నుండి, కర్ణాటకలోని రాయచూరు, బళ్ళారి వైపు నుండి కూడా రోగులు వస్తారు. మహమ్మారి నాటికి ఇక్కడ ఏడాదికి 250 ఎం.బి.బి.ఎస్. సీట్లు ఉండేవి. కడపలోని రాజీవ్ గాంధీ వైద్య విజ్ఞాన సంస్థ (రిమ్స్) 2006లో ఏర్పడినది. ఇవి గాక నంద్యాలలో శాంతిరాం, కర్నూలు సమీపంలోని పెంచికలపాడులో విశ్వభారతి, కడపలో ఫాతిమా వైద్య కళాశాలలు ఉన్నవి. వీటన్నిటికీ పరీక్షలు నిర్వహించేది విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం. 2022లో ఈ విశ్వవిద్యాలయానికి వై.ఎస్.ఆర్. పేరు పెట్టగా, 2024లో పాత పేరు పునరుద్ధరించబడినది.

ప్రభుత్వ కళాశాలలలో అధిక భాగం సీట్లు స్థానిక విద్యార్థులకు చెందుతాయి. ఇక్కడ స్థానికత అనగా శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధి, అంటే నాటి కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు, నెల్లూరు జిల్లాలు. కనుక కళాశాలలు మూతపడినప్పుడు విద్యార్థులలో ఎక్కువమంది వెళ్ళినది దూర రాష్ట్రాలకు కాదు. సీమలోని పల్లెలకు, చిన్న పట్టణాలకు. అఖిల భారత కోటాలో చేరిన కొద్దిమంది మాత్రం ఇతర రాష్ట్రాలకు వెళ్ళారు.

మరొక సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 2019 ఆగస్టులో దేశమంతటా ఎం.బి.బి.ఎస్. పాఠ్య ప్రణాళిక మారినది. సామర్థ్య ఆధారిత వైద్య విద్య అని పిలువబడే ఈ పద్ధతిలో విద్యార్థి ఎంత చదివాడు అన్నదాని కంటే ఏ పని చేయగలడు అన్నదానికి ప్రాధాన్యం. మొదట ఒక నెల ఫౌండేషను కోర్సు, మొదటి ఏడాది నుండే రోగులతో పరిచయం, రోగితో మాట్లాడే తీరు, నైతికత, చేసిన ప్రతి పనినీ నమోదు చేసే లాగ్‌బుక్కు ఇందులోని కొత్త అంశాలు. రోగికి దగ్గరగా తీసుకువెళ్ళడానికి రూపొందించిన ఈ ప్రణాళికలో చేరిన తొలి జట్టు, ఏడెనిమిది నెలలు గడవకముందే హాస్టలు ఖాళీ చేసి ఇంటికి వెళ్ళవలసి వచ్చినది.

కళాశాలల మూసివేత

ఆంధ్రప్రదేశ్‌లో తొలి కోవిడ్ కేసు 2020 మార్చి 12న నెల్లూరులో బయటపడినది. మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుండి దేశవ్యాప్త లాక్‌డౌను అమలులోకి వచ్చినవి. ఏప్రిల్ నెలాఖరు నాటికి రాష్ట్రంలో అత్యధిక కేసులు కర్నూలు జిల్లాలోనే నమోదైనవి. తక్కువ రుసుముకు వైద్యం చేసి 'రెండు రూపాయల డాక్టరు'గా కర్నూలు ప్రజల అభిమానం పొందిన కె.ఎం. ఇస్మాయిల్ హుస్సేన్ ఆ ఏప్రిల్‌లోనే కోవిడ్‌తో మరణించారు. వైద్య వృత్తిలో ప్రాణాపాయం ఎంత దగ్గరగా ఉంటుందో విద్యార్థులకు ఏ పాఠమూ లేకుండానే తెలిసి వచ్చిన రోజులవి.

బోధనాసుపత్రుల పడకలు కోవిడ్ రోగులకు కేటాయించబడినవి. అత్యవసరం కాని శస్త్రచికిత్సలు వాయిదా పడినవి. ఓపీ విభాగాలు పలచబడినవి. పరీక్షల నమూనాలను తొలుత తిరుపతి స్విమ్స్‌కు పంపేవారు. తరువాత సీమలోని ఇతర వైద్య కళాశాలలలో కూడా ప్రయోగశాలలు ఏర్పడినవి. మైక్రోబయాలజీ అధ్యాపకులకు ప్రయోగశాల, జనరల్ మెడిసిన్, ఊపిరితిత్తుల వ్యాధులు, మత్తు విభాగాల వారికి వార్డులు ముఖ్య బాధ్యతలైనవి. అనగా పాఠం చెప్పవలసినవారే చికిత్సలో మునిగి ఉన్నారు. ఆన్‌లైన్ తరగతి వాయిదా పడినప్పుడు కారణం సాంకేతిక లోపమే కానవసరం లేదు, అధ్యాపకుడు క్వారంటైనులో ఉండటం కూడా కావచ్చును.

హౌస్ సర్జన్లు, పీజీ విద్యార్థులు మాత్రం ఇంటికి పోలేదు. వారు ఆసుపత్రిలోనే విధులలో ఉన్నారు. ఆన్‌లైన్ చదువు ప్రధానంగా ఎం.బి.బి.ఎస్. నాలుగున్నరేళ్ళ విద్యార్థులకు సంబంధించిన విషయం.

పాఠాలు జరిగిన తీరు

మొదటి వారాలలో ఒక క్రమపద్ధతి ఉండేది కాదు. అధ్యాపకులు వాట్సాప్ బృందాలలో పవర్‌పాయింట్ స్లైడ్లు, పీడీఎఫ్ ప్రతులు, తమ గొంతుతో రికార్డు చేసిన పాఠాలు పంపేవారు. తరువాత జూమ్, గూగుల్ మీట్ తరగతులు వచ్చినవి. జూమ్ ఉచిత ఖాతాలో సమావేశం 40 నిమిషాలకు ఆగిపోయేది కనుక గంట పాఠాన్ని రెండు ముక్కలుగా చెప్పవలసి వచ్చేది. 2020 ఏప్రిల్‌లో జూమ్ భద్రతపై కేంద్ర హోం శాఖ హెచ్చరిక జారీ చేయడం, మే నెలలో గూగుల్ తన మీట్‌ను అందరికీ ఉచితం చేయడంతో చాలా విద్యాసంస్థలు దానివైపు మళ్ళినవి. అభ్యాసాలు, చిన్న పరీక్షలకు గూగుల్ క్లాస్‌రూము, గూగుల్ ఫారములు వాడుకలోకి వచ్చినవి.

భారత వైద్య మండలి 2020 ఆగస్టులో ఎం.బి.బి.ఎస్. విద్యార్థుల కొరకు మహమ్మారి నిర్వహణపై ఒక పాఠ్యభాగాన్ని విడుదల చేసినది. ఆ మండలి స్థానంలో 2020 సెప్టెంబరు 25 నుండి జాతీయ వైద్య కమిషన్ వచ్చినది. చదువు మధ్యలో ఉండగానే నియంత్రణ సంస్థ మారడం వల్ల ఏ ఉత్తర్వు ఎవరిది అన్నది కూడా విద్యార్థులు కొంతకాలం వెతుక్కోవలసిన విషయమైనది.

ఒకేసారి రెండు వందల మందికి పైగా చేరే తరగతిలో కెమెరాలు ఆపి, మైకులు మూసి వినడమే ఆనవాయితీ. పాఠం చెప్పేవారికి కనబడేది నల్లని గళ్ళు, వాటిలో పేర్లు. తరగతి గదిలో అర్థం కాని ముఖం చూసి అధ్యాపకుడు వెనక్కి వచ్చి మళ్ళీ చెప్పడం ఉంటుంది. ఇక్కడ ఆ సూచన అందదు. నిబంధనల ప్రకారం పాఠాలకు 75 శాతం, ప్రయోగ తరగతులకు 80 శాతం హాజరు ఉండాలి. లింకులో చేరినవాడు విన్నాడా లేదా అన్నది తేల్చడం కష్టం కనుక హాజరు లెక్క కేవలం పేర్ల లెక్కగా మారే ప్రమాదం ఏర్పడినది.

అయితే ఈ పద్ధతిలో మేలు లేదని చెప్పడం న్యాయం కాదు. రికార్డు చేసిన పాఠాన్ని ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ వినవచ్చును. తెలుగు మాధ్యమంలో ఇంటర్మీడియట్ వరకు చదివి, వేగంగా సాగే ఇంగ్లీషు ఉపన్యాసాన్ని అందుకోలేని విద్యార్థికి ఇది చిన్న సౌకర్యం కాదు. ఫార్మకాలజీ, బయోకెమిస్ట్రీ వంటి సిద్ధాంత విషయాలు తెర మీద బాగానే నడిచినవి. పీజీ ప్రవేశ పరీక్షకు సిద్ధం చేసే మారో, ప్రెప్‌లాడర్ వంటి చందా యాప్‌ల వాడకం ఈ కాలంలో మరింత పెరిగినది. కళాశాల పాఠం కంటే యాప్ పాఠమే మెరుగని భావించినవారు ఉన్నారు. చందా కట్టగలిగినవారికి, కట్టలేనివారికి మధ్య దూరం కూడా దీనితోనే పెరిగినదనుట సమంజసం.

సిగ్నలు, కరెంటు, ఇల్లు

కర్నూలు, కడప పట్టణాలలో ఉన్నవారికి అంతర్జాలం పెద్ద సమస్య కాలేదు. నల్లమల అడవి అంచున గల ఆత్మకూరు, శ్రీశైలం ప్రాంతాలలో, పడమటి వైపు ఆలూరు, పత్తికొండ పల్లెలలో, కడప జిల్లాలోని కొండల నడుమ ఉన్న ఊళ్ళలో పరిస్థితి వేరు. ఇంటి లోపల సిగ్నలు అందని చోట మిద్దె మీదికో, ఊరి బయటి గట్టు మీదికో పోయి పాఠం వినవలసి ఉంటుంది. సీమలో ఏప్రిల్, మే నెలలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో మిద్దె మీద కూర్చొని గంటసేపు ఫోను చూడటం ఎవరికీ సాధ్యం కాదు. ఫోను కూడా వేడెక్కి ఆగిపోతుంది. గాలివాన వస్తే కరెంటు పోతుంది.

నాడు ఎక్కువమంది వాడిన మొబైల్ పథకాలలో రోజుకు ఒకటిన్నర లేదా రెండు జీబీ డేటా వచ్చేది. వరుసగా మూడు నాలుగు వీడియో తరగతులు విని, పైన ఒక శస్త్రచికిత్స వీడియో చూస్తే అది అయిపోతుంది. ఇంట్లో తమ్ముడికో చెల్లెలికో కూడా పాఠశాల తరగతులు ఉంటే ఒకే ఫోను ఇద్దరికీ పంచవలసి వచ్చేది. హాస్టలు గది చదువుకే ఉంటుంది. ఇల్లు అలా కాదు. లాక్‌డౌనులో అందరూ ఇంట్లోనే ఉన్న రోజులలో ఆడపిల్లలకు వంటపని, ఇంటిపని తరగతి వేళల్లోనే ఎదురయ్యేవి. వ్యవసాయ కుటుంబాలలో ఖరీఫ్ పనులు జూన్ నుండి మొదలవుతాయి.

ఇది సీమకు మాత్రమే చెందిన అనుభవం కాదు. 2020లో బ్రిటన్‌లో 39 వైద్య విద్యాసంస్థలకు చెందిన 2721 మంది విద్యార్థులపై జరిగిన సర్వేలో, ఆన్‌లైన్ చదువుకు ప్రధాన అడ్డంకులుగా సుమారు 27 శాతం మంది ఇంటివారి వల్ల కలిగే ఆటంకాలను, సుమారు 22 శాతం మంది అంతర్జాల లోపాన్ని పేర్కొన్నారు. సంపన్న దేశంలోనే ఈ సంఖ్యలు ఉంటే నల్లమల అంచు పల్లె గురించి వేరే చెప్పనక్కరలేదు.

శవం లేని అనాటమీ

మొదటి సంవత్సరం విద్యార్థులకు అత్యంత నష్టం జరిగిన విషయం అనాటమీ. విద్యార్థులు చిన్న బృందాలుగా ఒక మృతదేహం చుట్టూ నిలబడి, చర్మం మొదలు ఒక్కొక్క పొరనూ తొలగిస్తూ నరాలు, రక్తనాళాలు, కండరాలను చేతితో గుర్తించడం ఇందులోని ముఖ్యమైన పని. పుస్తకంలో నరం పసుపు రంగులో, ధమని ఎరుపు రంగులో, సిర నీలం రంగులో ఉంటాయి. నిజమైన దేహంలో అన్నీ ఇంచుమించు ఒకే రంగు. కొవ్వులోంచి వాటిని వేరు చేసి ఏది ఏదో చెప్పడం వేళ్ళకు రావలసిన విద్య. ఫార్మలిను వాసనకు కళ్ళు మండటం కూడా అందులో భాగమే.

2019 జట్టు ఈ పనిలో కొంత భాగం మాత్రమే చేసి ఇంటికి వెళ్ళినది. మిగిలిన భాగాలను డిసెక్షను వీడియోలు, త్రిమితీయ చిత్రాల యాప్‌లతో చూడవలసి వచ్చినది. వీడియోలో కత్తి ఎప్పుడూ సరైన చోటే పడుతుంది. తప్పు చోట కోసి, నరం తెగిపోయి, అధ్యాపకుని చేత మందలింపు పొంది నేర్చుకునే అవకాశం అందులో లేదు. కోవిడ్ భయం వల్ల దేహదానం స్వీకరణ కూడా అనేక చోట్ల నిలిచిపోయినది కనుక కళాశాలలు తెరిచిన తరువాత కూడా మృతదేహాల కొరత ఉండే అవకాశం ఏర్పడినది.

ఫిజియాలజీలో కొన్ని ప్రయోగాలు ఇంటి వద్ద చేయగలిగినవే. నాడి, శ్వాస లెక్కించడం, యంత్రం ఉంటే రక్తపోటు చూడటం వంటివి ఇంట్లోవారి మీద అభ్యాసం చేయవచ్చును. పెథాలజీ, హిస్టాలజీ స్లైడ్లను ఫొటోలుగా చూపించవచ్చును. సూక్ష్మదర్శినిని తానే సరిచేసుకుని చూడటం మాత్రం అందులో రాదు.

వార్డు లేని వైద్యం

రెండవ సంవత్సరం నుండి విద్యార్థి ఉదయం పూట వార్డుకు వెళతాడు. రోగిని చూడటం, తాకటం, వేళ్ళతో తట్టటం, స్టెతస్కోపుతో వినటం అనే నాలుగు మెట్లను అక్కడ నేర్చుకుంటాడు. పెరిగిన ప్లీహం అంచు రోగి ఊపిరి తీసినప్పుడు వేలికొనకు తగలటం, నీరు చేరిన ఛాతీని తట్టినప్పుడు శబ్దం మొద్దుబారటం వంటివి ఒకసారి అనుభవమైతే మరచిపోరు. వందసార్లు చదివినా, అనుభవం కాకపోతే తెలియదు. గుండె మర్మర ధ్వనులను రికార్డు చేసి వినిపించవచ్చును; కిక్కిరిసిన వార్డు చప్పుడులో, భయపడి కదులుతున్న పసిబిడ్డ ఛాతీ మీద వాటిని పట్టుకోవడం వేరు.

అంతకంటే ముందు మెట్టు రోగి కథను రాబట్టడం. సీమ ఆసుపత్రులలో ఇది భాషా విద్య కూడా. 'నొస్తాంది' అన్న రోగి ఏ రకం నొప్పిని చెబుతున్నాడు, 'ఎగపోత' అన్న ముసలివాని ఇబ్బంది గుండెదా ఊపిరితిత్తులదా అన్నది ప్రశ్న మీద ప్రశ్న వేసి తెలుసుకోవాలి. కర్నూలు, కడప పట్టణాలలో ఉర్దూ మాట్లాడే రోగులు ఎక్కువ. ఆదోని వైపు నుండి వచ్చేవారిలో కన్నడం మాట్లాడేవారు ఉంటారు. నెల్లూరు నుండి వచ్చిన విద్యార్థికే సీమ మాట కొత్తగా ఉంటుంది. అఖిల భారత కోటాలో వచ్చిన ఉత్తరాది విద్యార్థికి తెలుగే కొత్త. వీరికి భాష నేర్పేది పుస్తకం కాదు, వార్డు. ఆన్‌లైన్ కేసు చర్చలో అధ్యాపకుడు రోగి చరిత్రను ఇంగ్లీషులో, సరైన క్రమంలో, అనవసరమైనవి తీసివేసి చెబుతాడు. అనగా విద్యార్థి చేయవలసిన పని అప్పటికే జరిగిపోయి ఉంటుంది. ఆన్‌లైన్ చదువులో అందరికంటే తక్కువగా గుర్తించబడిన నష్టం ఇదే కావచ్చును.

పాముకాటు, తేలుకాటు, పురుగుమందు విషప్రభావం, క్షయ, ఫ్లోరైడు నీటి వల్ల వచ్చే ఎముకల జబ్బు వంటివి ఈ మెట్ట ప్రాంతపు ఆసుపత్రులకు పరిచితమైనవి. వీటిలో అత్యవసర కేసులు లాక్‌డౌనులోనూ ఆగలేదు. చూసి నేర్చుకునే విద్యార్థులు మాత్రం అక్కడ లేరు.

ఇదే కాలంలో వైద్యం కూడా కొంత ఫోను మీదికి వచ్చినది. 2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలను విడుదల చేసినది. ఏప్రిల్ 13న రాష్ట్ర ప్రభుత్వం 14410 నంబరుతో టెలిమెడిసిన్ సేవను ప్రారంభించినది. రోగిని తాకకుండా అడిగి తెలుసుకోవడం అనే ఈ నైపుణ్యం పాత పాఠ్య ప్రణాళికలో దాదాపు లేదు.

తిరిగి తెరవడం, రెండవ తరంగం

2020 నవంబరు 25న కేంద్ర ఆరోగ్య శాఖ, డిసెంబరు 1 లోగా వైద్య కళాశాలలు తెరవవలసిందిగా రాష్ట్రాలకు లేఖ వ్రాసినది. విద్యార్థుల శిక్షణ కొరకు బోధనాసుపత్రులలో తగినన్ని కోవిడేతర పడకలు ఉంచాలని కూడా అందులో సూచించినది. కోవిడేతర రోగులు లేకుండా వైద్య విద్య లేదని ఒక ప్రభుత్వ లేఖ ఒప్పుకోవడం గమనించదగినది. నిలిచిపోయిన ప్రయోగ తరగతులను, డిసెక్షనును కొద్ది వారాలలో కుదించి పూర్తి చేయవలసి వచ్చినది. నీట్ పరీక్ష 2020 సెప్టెంబరులో జరగడం వల్ల కొత్త జట్టు తరగతులకు 2021 ఫిబ్రవరి 1 తేదీగా నిర్ణయించబడినది. ఆ విధంగా మొదటి సంవత్సరం చదువు మామూలు కంటే ఆరు నెలలు ఆలస్యంగా మొదలైనది. 2021 జనవరి 16న మొదలైన టీకా కార్యక్రమంలో ఆరోగ్య సిబ్బందితో పాటు వైద్య విద్యార్థులకు కూడా ముందుగా అవకాశం లభించినది.

ఊరట ఎంతో కాలం నిలువలేదు. 2021 ఏప్రిల్‌లో రెండవ తరంగం వచ్చినది. రాష్ట్రంలో మే 5 నుండి మధ్యాహ్నం 12 గంటల తరువాత కర్ఫ్యూ అమలైనది. తరగతులు మళ్ళీ తెర మీదికి మారినవి. ఏప్రిల్ 18న జరగవలసిన నీట్ పీజీ పరీక్ష మూడు రోజుల ముందు వాయిదా పడి చివరకు సెప్టెంబరు 11న జరిగినది. మే 3న కేంద్రం, చివరి సంవత్సరం ఎం.బి.బి.ఎస్. విద్యార్థులను అధ్యాపకుల పర్యవేక్షణలో టెలి సంప్రదింపులకు, స్వల్ప లక్షణాలు గల రోగుల పర్యవేక్షణకు వినియోగించవచ్చునని ప్రకటించినది. వంద రోజులు కోవిడ్ విధులు చేసినవారికి ప్రభుత్వ నియామకాలలో ప్రాధాన్యం ఇస్తామని తెలిపినది. ఏడాది పాటు రోగి నుండి దూరంగా ఉంచబడిన విద్యార్థిని, మనుషుల కొరత తీవ్రమైన వెంటనే రోగి సంరక్షణకు పిలవడంలోని వైరుధ్యం అప్పట్లో చర్చకు వచ్చినది. శిక్షణ తక్కువైనవాడిని అపాయంలోకి నెట్టడమని కొందరు, వైద్యుడు కాదలచినవాడు ఉండవలసిన చోటు అదేనని కొందరు వాదించారు. రెండు వాదాలలోనూ నిజం కలదు.

విదేశాలలో చదివిన సీమ విద్యార్థులు

ప్రభుత్వ సీటు రాక, ప్రైవేటు కళాశాల రుసుము భరించలేక చైనా, ఫిలిప్పీన్స్, ఉక్రెయిన్, కిర్గిజ్‌స్తాన్ వంటి దేశాలకు వెళ్ళిన తెలుగు విద్యార్థులలో రాయలసీమ వారు కూడా ఉన్నారు. వీరి అనుభవం పైవారి కంటే కఠినమైనది. 2020 మార్చి 28 నుండి చైనా విదేశీయుల ప్రవేశాన్ని నిలిపివేయగా, సెలవులకు వచ్చినవారు రెండేళ్ళకు పైగా ఇంటి నుండే చదివారు. చైనా కాలమానం మనకంటే రెండున్నర గంటలు ముందు కనుక అక్కడ ఉదయం 8 గంటల పాఠం ఇక్కడ తెల్లవారుజామున 5.30కు వినవలసి వచ్చేది. 2022 ఫిబ్రవరి 24న యుద్ధం మొదలైన తరువాత ఉక్రెయిన్ నుండి తిరిగివచ్చినవారు కూడా ఇదే వరుసలో చేరారు.

కేవలం ఆన్‌లైన్‌లో చేసిన వైద్య కోర్సులను గుర్తించబోమని జాతీయ వైద్య కమిషన్ 2022 ఫిబ్రవరిలో ప్రకటించినది. అప్పు చేసి పిల్లలను పంపిన కుటుంబాలకు ఇది పిడుగుపాటు. సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశం మేరకు కమిషన్ అదే ఏడాది జూలైలో ఒక సడలింపు ఇచ్చినది. దాని ప్రకారం చివరి సంవత్సరంలో ఇంటికి వచ్చి, 2022 జూన్ 30 లోగా కోర్సు పూర్తి చేసినవారు విదేశీ వైద్య పట్టభద్రుల పరీక్ష వ్రాయవచ్చును. ఉత్తీర్ణులైనవారు ఒక ఏడాదికి బదులు రెండేళ్ళ ఇంటర్న్‌షిప్ చేయాలి. తెర మీద పోయిన వార్డు కాలానికి కట్టిన వెల ఈ అదనపు ఏడాది. ఎక్కడా చేరలేక మిగిలిపోయిన చివరి సంవత్సరాల విద్యార్థులకు ఎం.బి.బి.ఎస్. ఆఖరి పరీక్షలు భారతదేశంలోనే వ్రాసే అవకాశాన్ని 2023 మార్చిలో సుప్రీంకోర్టు ముందు కేంద్రం అంగీకరించినది. ఇంటర్న్‌షిప్ ఎన్నేళ్ళు, శాశ్వత రిజిస్ట్రేషను ఎప్పుడు అన్న వివాదం ఆ తరువాతి సంవత్సరాలలో కూడా సాగినది.